నల్ల ఇసుక పుట్టిల్లు

నల్ల ఇసుక తీరం అనగానే మన ప్రయాణికులకు పరాయి దేశపు ఫొటోలే గుర్తొస్తాయి. ఐస్‌లాండ్‌లో రేనిస్‌ఫ్యారా, హవాయి పెద్ద దీవిలో పునలూ, గ్రీసులో సాంటొరీనీ, న్యూజీలాండ్‌లో పీహా. ఆక్లాండ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లకు పీహా గంట ప్రయాణం. అక్కడ నల్లటి ఒడ్డు మీద నిలబడి తీయించుకున్న ఫొటోలను ఊళ్లో బంధువులు ఫోన్లో చూసి ఆశ్చర్యపోతారు. ఆ చూసేవాళ్లలో భీమిలివాళ్లు ఉండొచ్చు, కళింగపట్నంవాళ్లు ఉండొచ్చు, ఉప్పాడవాళ్లు ఉండొచ్చు. వాళ్ల ఊరి ఒడ్డున కూడా వానాకాలంలో అలాంటి నలుపే పరుచుకుంటుంది. దాన్ని చూడటానికి ఎవరూ టికెట్టు కొనుక్కుని రారు. చాలామంది అది ఏదో మురికి అనుకుని పక్కనుంచి నడిచిపోతారు.

మన నల్ల ఇసుక గురించి భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పేది ఒకటి, గనుల అధికారులు చెప్పేది ఒకటి, వేటకెళ్లే మత్స్యకారులు చెప్పేది మరొకటి. వైద్యులను అడిగితే రేడియేషన్ మాట వస్తుంది. పర్యాటక ప్రచారంలో అసలు ఆ ఊసే ఉండదు. ఎవరి మాట వాళ్లదిగా వింటే ఏదీ పూర్తిగా అర్థం కాదు. ఈ మాటలన్నిటినీ ఒక తాటి మీదికి తెచ్చేవి కొండలే అని నా నమ్మకం. అందుకే ఒడ్డును వదిలి తూర్పు కనుమల్లోని అడ్డతీగల నుంచి మొదలుపెడుతున్నాను.

అడ్డతీగల నుంచి సముద్రం కనిపించదు. చుట్టూ కొండలు, వెదురు, జీలుగు చెట్లు, పోడు భూములు, పల్లంలో వరి. కొండరెడ్లు, కొండదొరలు, వాల్మీకులు ఉండే ఊళ్లు. 1922 అక్టోబరులో అల్లూరి సీతారామరాజు దళం ఇక్కడి పోలీసు ఠాణా మీద దాడి చేసింది కాబట్టి చరిత్ర పుస్తకాల్లో ఈ ఊరికి చోటు దొరికింది. ఈ కొండల రాయి శాస్త్ర గ్రంథాల్లోకి అంతకు ముందే ఎక్కింది. తూర్పు కనుమల్లో బతికే ఖోండుల పేరు మీదుగా 1902లో టి.ఎల్. వాకర్ ఆ రాతికి ఖోండలైట్ అని పేరు పెట్టాడు. కోణార్క ఆలయం కట్టిందీ ఎక్కువగా ఈ రాతితోనే. శతాబ్దాల ఉప్పుగాలికి ఆ గోడలు ఎలా రాలుతున్నాయో చూసినవాళ్లకు, కొండ ఎలా ఇసుక అవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఖోండలైట్ సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో పాతిక కిలోమీటర్లకు పైగా లోతున, విపరీతమైన వేడికీ ఒత్తిడికీ రూపు మారిన రాయి. అంతకు ముందు అది కూడా ఏదో పాత సముద్రం అడుగున పేరుకున్న బురదా ఇసుకా. దానిలో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్‌లతో పాటు ఎర్రటి గార్నెట్, పుల్లల్లాంటి సిల్లిమనైట్, అక్కడక్కడా గ్రాఫైట్ ఉంటాయి. దాని పక్కనే నల్లగా, గట్టిగా ఉండే చార్నొకైట్. ఈ రెండిటి నుంచీ, వాటి మధ్య దూరిన ఇతర రాళ్ల నుంచీ ఇల్మనైట్, మాగ్నటైట్, రూటైల్, జిర్కాన్, మోనజైట్ రేణువులు వస్తాయి. వానకు ఫెల్డ్‌స్పార్ మట్టయిపోతుంది. క్వార్ట్జ్ తెల్ల ఇసుక అవుతుంది. మిగిలిన ఈ మొండి ఖనిజాలు అరగవు, కరగవు. దారి దొరికినంత దూరం దొర్లుతూ పోతాయి.

అడ్డతీగల చుట్టుపక్కల వాగులు చాలావరకు ఏలేరులో కలుస్తాయి. రంపచోడవరం వైపు పడ్డ వాన గోదావరి దారి పడుతుంది. పెద్ద వాన వెలిసి వాగు తగ్గాక, బండరాళ్ల వెనక, మలుపు లోపలి వైపున, తెల్ల ఇసుక మీద కాటుక గీత లాంటి నల్లటి చార ఒకటి మిగులుతుంది. గుప్పెడు తీసుకుంటే ఎదురుచూసిన దానికంటే బరువుగా ఉంటుంది. మంచి అయస్కాంతం దగ్గర పెడితే కొన్ని రేణువులు లేచి అతుక్కుంటాయి. అవి మాగ్నటైట్. ఇల్మనైట్ అంత తొందరగా లేవదు. ఎండలో భూతద్దం పెట్టి చూస్తే నలుపు మధ్య గులాబీ ఎరుపు గింజలు మెరుస్తాయి. అవి గార్నెట్లు. నల్ల ఇసుక తీరానికి మొదటి అడుగు ఇక్కడ పడుతుంది. ఏజెన్సీ బడుల్లో సైన్సు చెప్పే మాస్టర్లకు ఇంతకంటే మంచి పాఠం చేతికి దొరకదని నాకనిపిస్తుంది. ఖర్చు ఒక్క అయస్కాంతం.

ఒడ్డు చేరాక సముద్రం చేసే పని వేరు. క్వార్ట్జ్ నీటికంటే రెండున్నర రెట్లకు కాస్త పైన బరువు. గార్నెట్ నాలుగు రెట్లు, ఇల్మనైట్, జిర్కాన్ నాలుగున్నర రెట్లకు పైన, మాగ్నటైట్, మోనజైట్ ఐదు రెట్ల చుట్టుపక్కల. ఎగసి వచ్చిన కెరటం అన్నిటినీ కలిపి ఒడ్డు మీదికి విసురుతుంది. వెనక్కి జారే నీటికి అంత బలం ఉండదు, తేలిక ఇసుకనే లాక్కుపోగలదు. చేటలో చెరిగితే పొట్టు ఎగిరిపోయి గింజ నిలిచినట్టు బరువైనది ఒడ్డున మిగులుతుంది. ఈ చెరుగుడు వేల ఏళ్ల పాటు జరిగితే దిబ్బలు దిబ్బలుగా నల్ల ఇసుక పేరుకుంటుంది. నైరుతి రుతుపవనాల కాలంలో కెరటాలు ఉద్ధృతంగా ఉంటాయి కాబట్టి నలుపు పైకి తేలేది అప్పుడే. సముద్రం నెమ్మదించిన నెలల్లో తెల్ల ఇసుక మళ్లీ వచ్చి దాన్ని కప్పేస్తుంది. డిసెంబరు సెలవుల్లో భీమిలి వెళ్లి మామూలు ఇసుకే చూసి వచ్చినవాళ్లు నల్ల ఇసుక మాట నమ్మకపోవడానికి కారణం ఇదే. ఒడ్డున కాస్త లోతుగా ఒక గీత కోస్తే నలుపు, తెలుపు పొరలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి.

హవాయి నలుపు పుట్టుక వేరే కథ. అక్కడ కరిగిన లావా సముద్రంలో పడగానే ఒక్కసారిగా చల్లారి పగిలి గాజు పలుకుల్లాంటి ఇసుక అవుతుంది. అది రోజుల్లో, నెలల్లో జరిగే పని. 1990లో కిలావియా లావా ప్రసిద్ధమైన కైమూ నల్ల తీరాన్ని పూర్తిగా కప్పేసింది. 2018 విస్ఫోటంలో పొహోయికి దగ్గర కొత్త నల్ల తీరం పుట్టింది. ఒక మనిషి జీవితంలోనే తీరం పుట్టడం, పోవడం రెండూ చూడొచ్చు. రేనిస్‌ఫ్యారా, సాంటొరీనీలదీ అగ్నిపర్వతాల నలుపే. పీహాది మధ్యరకం. తరనాకి అగ్నిపర్వతం రాళ్లు అరిగి, ఆ ఇనుప ఇసుకను ప్రవాహాలు ఉత్తరానికి మోసుకొచ్చి, అలలు వడగట్టి పెట్టాయి. పుట్టుక అగ్నిపర్వతానిదైనా ఒడ్డు చేరిన తీరు మన ఇసుకదే.

మనకు అగ్నిపర్వతపు వాటా బొత్తిగా లేదనడానికీ వీల్లేదు. గోదావరి పుట్టి చాలా దూరం ప్రవహించేది దక్కను లావా రాళ్ల మీద. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందటి ఆ లావా పశ్చిమాన పొంగి రాజమహేంద్రవరం దాకా పారిందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. కాటేరు, పంగిడి ప్రాంతాల నల్లరాతి క్వారీలు దాని ఆనవాళ్లే. కాబట్టి గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది వైపు ఒడ్డున కనిపించే నల్ల రేణువుల్లో దక్కను లావా ముక్కలూ, మన కొండల ఇల్మనైటూ కలిసి ఉంటాయి. భీమిలికి ఉత్తరాన మాత్రం అంతా కనుమల పంటే. హవాయికి వెళ్లే స్తోమత ఉన్నవాళ్లు వెళ్లి చూడాలి, అది వేరే అనుభవం. కానీ దానితో పోల్చి మనది చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదు. అక్కడి ఇసుక మన తాతల కంటే చిన్నది కావచ్చు. ఇక్కడి గార్నెట్ గింజ చేపలు పుట్టక ముందే పుట్టింది.

చూడాలనుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది గోస్తని దారి. ఈ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయంలో ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అరకు వెళ్లే రైలెక్కేవాళ్లందరూ దాని తల చూస్తారు, విశాఖ బీచ్ రోడ్డు మీద కారెక్కేవాళ్లందరూ దాని పాదం చూస్తారు. రెండూ ఒకే నది అని కలిపి చూసేవాళ్లు తక్కువ. దారిలో భీమిలికి ముందు ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. అవి కూడా సముద్రమూ గాలీ కలిసి పోగుచేసిన ఇసుకే. లోపలి ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది, అందులోనూ ఇదే బరువు ఖనిజాలు ఉన్నాయి. 2014లో వాటిని భూ వారసత్వ స్థలంగా ప్రకటించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. 2014 నాటి గుర్తింపు ఉన్నా 2024లో అక్కడ తవ్వకాల మీద పెద్ద గొడవ జరిగింది. గుర్తింపు పత్రం కంచె పని చెయ్యదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఉత్తరాన కళింగపట్నం, శ్రీకూర్మం, భావనపాడు. అక్కడి దిబ్బల్లో నలుపు భీమిలికంటే చిక్కగా కనిపిస్తుంది, జనం తక్కువ, ఒడ్డు పొడుగు. దక్షిణాన కాకినాడ దగ్గర ఉప్పాడ. జూన్ నుంచి అక్టోబరు దాకా, పొద్దున్నే, నీరు వెనక్కి తగ్గిన వేళ వెళితే బాగా కనిపిస్తుంది. మధ్యాహ్నం వద్దు. నల్ల ఇసుక ఎండను పీల్చుకుని తెల్ల ఇసుకకంటే బాగా కాలుతుంది, పిల్లల అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. ఆ కాలంలోనే సముద్రం కూడా కోపంగా ఉంటుందన్నది మరచిపోకూడదు. రేనిస్‌ఫ్యారాలో హఠాత్తుగా పైకెక్కే అలలు పర్యాటకులను లాక్కుపోయిన ఘటనలు చాలా ఉన్నాయి, అక్కడ హెచ్చరిక దీపాలు పెట్టారు. మన ఆర్కే బీచ్‌లో, యారాడలో లోపలికి లాగే ప్రవాహాలకు ఏటా యువకులు బలవుతున్నారు. నల్ల ఇసుక చూడటానికి నీళ్లలోకి దిగే అవసరమే లేదు. అది ఒడ్డు పైభాగంలో, దిబ్బల మొదట్లో ఉంటుంది.

విశాఖ తీరం కొన్నిచోట్ల ఉన్నట్టుండి నల్లబడినప్పుడల్లా నగరంలో ఆందోళన మొదలవుతుంది. కాలుష్యమా, బొగ్గు పొడా, ఏదో ఓడ వదిలిన నూనా అని. రేవు ఉన్న నగరంలో ఆ అనుమానం సహజం, ఒక్కోసారి నిజం కూడా కావచ్చు. తేడా పట్టుకోవడం కష్టం కాదు. ఖనిజపు నలుపు పొడిగా మెరుస్తుంది, వేళ్లకు అంటదు, వాసన రాదు, నీళ్లలో వేస్తే వెంటనే అడుక్కి పోతుంది. బొగ్గు పొడి వేళ్లకు మసి పూస్తుంది, తేలికగా ఉండి అల అంచున తేలుతుంది. నూనె సంగతి ముక్కే చెబుతుంది. మురుగు నీరు కలిసే చోట ఇసుక లోపల నల్లబడి కుళ్లు వాసన కొడుతుంది. ఈ నాలుగు ముక్కలు బీచ్‌లో ఒక బోర్డు మీద రాసిపెడితే ఏటా ఈ భయం రాదు. అదే బోర్డు మీద ఈ ఇసుక ఏ కొండ నుంచి వచ్చిందో కూడా రాయాలని నా కోరిక.

ఇక రేడియేషన్. మోనజైట్‌లో థోరియం ఉంటుంది, థోరియం రేడియోధార్మిక పదార్థం. కాబట్టి నల్ల ఇసుక తీరాల్లో సహజ రేడియేషన్ మామూలు నేలకంటే ఎక్కువ ఉంటుంది. ఇది దాచాల్సిన విషయం కాదు, పెంచి చెప్పాల్సిందీ కాదు. కేరళలో కొల్లం జిల్లా కరునాగపల్లి తీరం ప్రపంచంలోనే ఎక్కువ సహజ రేడియేషన్ ఉన్న జనావాసాల్లో ఒకటి. అక్కడి ప్రజలను ఏళ్ల తరబడి పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ రేడియేషన్ వల్ల క్యాన్సర్ పెరిగినట్టు కనబడలేదు. బ్రెజిల్‌లో గ్వారపరి అనే ఊళ్లో జనం కీళ్ల నొప్పులు తగ్గుతాయని మోనజైట్ ఇసుకలో మెడ దాకా కప్పుకుని పడుకుంటారు. ఆ వైద్యం సంగతి నేను ఒప్పుకోను. కానీ ఒక పూట భీమిలి ఒడ్డున తిరిగి వచ్చే కుటుంబం భయపడాల్సిందేమీ లేదు. ఆలోచించాల్సింది ఈ ఇసుకను వేరుచేసి మోనజైట్‌ను చిక్కబరిచే చోట, ఆ దుమ్ములో రోజూ పనిచేసే కూలీల గురించి. పర్యాటకుల భయాన్ని గురించి రాసినంతగా ఆ కూలీల గురించి మన పత్రికలు రాయాలి.

ఈ ఇసుక మీద ప్రపంచం కన్ను పడి వందేళ్లు దాటింది. 1909లో షాంబర్గ్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు తిరువాన్కూరు నుంచి వచ్చిన కొబ్బరి పీచుకు అంటుకున్న పసుపు రేణువులను పరీక్షించి అవి మోనజైట్ అని గుర్తించాడు. అప్పట్లో థోరియంకు గిరాకీ గ్యాసు దీపాల మాంటిల్ కోసం. మన పెళ్లి ఊరేగింపుల్లో తలల మీద మోసిన పెట్రోమాక్స్ లైట్లలో తెల్లగా వెలిగిన ఆ చిన్న సంచీకి వెలుగిచ్చింది థోరియమే. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ పుట్టింది. కేరళలో చవర, తమిళనాడులో మణవాళకురిచ్చి, ఒడిశాలో ఛత్రపురం దాని ఇసుక కేంద్రాలు. మోనజైట్ అణుశక్తి చట్టం కిందికి వచ్చే ఖనిజం. అందుకే ఒడ్డు నుంచి ఇసుక మూట కట్టుకుని తెచ్చుకునే సరదా వద్దు. హవాయిలోనూ తీరం ఇసుక తీసుకుపోవడం నిషేధం.

దేశంలో గుర్తించిన సుమారు 1 కోటి 30 లక్షల టన్నుల మోనజైట్‌లో 37 లక్షల టన్నులకు పైగా ఆంధ్రప్రదేశ్‌లోనే ఉందని అణుశక్తి శాఖ లెక్క. మరే రాష్ట్రంలోనూ అంత లేదు. మోనజైట్ మొత్తం ఇసుకలో చిన్న భాగం. ఎక్కువ భాగం ఇల్మనైట్. దాని నుంచి తీసే టైటానియం డయాక్సైడ్ మన గోడలకు వేసే తెల్ల రంగులోకి, కాగితంలోకి, టూత్‌పేస్టులోకి చేరుతుంది. ఒడ్డున అంత నల్లగా కనిపించేది ఇంట్లో తెల్లదనానికి మూలం. గార్నెట్ ఉప్పుకాగితానికి, నీటి ధారతో లోహం కోసే యంత్రాలకు. జిర్కాన్ టైల్స్ మీది మెరుపుకు. సిల్లిమనైట్ కొలిమి ఇటుకలకు. మోనజైట్ నుంచి వచ్చే అరుదైన మూలకాలు విద్యుత్ మోటార్ల అయస్కాంతాలకు. 2023 మే 11న విశాఖపట్నంలో అలాంటి శాశ్వత అయస్కాంతాల కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. విద్యుత్ వాహనాల కాలంలో ఈ ఇసుక వెల పెరుగుతుందే తప్ప తగ్గదు.

అందుకే తవ్వకం ప్రశ్నను పర్యాటక వ్యాసంలో కూడా తప్పించుకోలేం. రేపు మనం చూడబోయే తీరం ఉంటుందా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది. గనులవాళ్ల వాదనలో పస ఉంది. బరువు ఖనిజాలు తీసుకుని మిగతా ఇసుకను అక్కడే తిరిగి పోస్తాం, సముద్రం మళ్లీ కొత్త ఖనిజం తెచ్చి పెడుతుంది, దేశానికి అవసరం అంటారు. మత్స్యకారుల అనుభవం వేరు. ఇసుకలో ఐదో వంతో, నాలుగో వంతో తీసేస్తే దిబ్బ ఆ మేరకు తగ్గుతుంది. దిబ్బతోపాటు సరుగుడు తోట పోతుంది, బావి నీళ్లకు ఉప్పు తగులుతుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపానులు వచ్చినప్పుడు ఉత్తరాంధ్ర ఊళ్లకు దిబ్బల విలువ తెలిసింది. కేరళలో ఆలప్పాడ్ పంచాయతీ దశాబ్దాలుగా సన్నబడుతూ వచ్చి, తవ్వకాలు ఆపాలన్న ఉద్యమం కొన్నేళ్ల కిందట దేశమంతా వినిపించింది. తమిళనాడులో 2013లో తవ్వకాలు నిలిపేశారు. అక్రమాల మీద 2025లో మద్రాసు హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. శ్రీకాకుళం జిల్లా గార మండలం వత్సవలస దగ్గర కొన్నేళ్లు ప్రైవేటు తవ్వకం సాగింది. 2019లో తీర ఇసుక ఖనిజాల ప్రైవేటు లీజులను కేంద్రం రద్దు చేయించింది. ఇక ప్రభుత్వ సంస్థలకే అన్నారు. న్యూజీలాండ్‌లో కూడా తరనాకి తీరపు సముద్రం అడుగున ఇనుప ఇసుక తవ్వుతామన్న సంస్థ 2021లో అక్కడి సుప్రీంకోర్టులో ఓడిపోయింది.

తవ్వేది ప్రైవేటా ప్రభుత్వమా అన్న దాని మీదే మన చర్చ అంతా నడుస్తోంది. దిబ్బకు ఆ తేడా తెలియదు. నా లెక్కలో అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. తీసినదాన్ని సముద్రం మళ్లీ తెచ్చి పెడుతుందన్న మాట ఇప్పటికీ నిజమేనా? సముద్రానికి ఇసుక ఇచ్చేవి నదులు, నదులకు ఇచ్చేవి కొండలు. ఏలేశ్వరం దగ్గర ఏలేరుకు అడ్డంగా 24 టీఎంసీల జలాశయం ఉంది. ఆ నీళ్లే కాలువ మీద విశాఖ ఉక్కు కర్మాగారానికీ నగరానికీ వెళతాయి. నీళ్లు వెళతాయి, అడ్డతీగల వాగులు తెచ్చిన ఇసుక జలాశయం అడుగున ఉండిపోతుంది. గోస్తనికి తాటిపూడి, గోదావరికి ధవళేశ్వరం, ఇప్పుడు పోలవరం. ఒడ్డు వెంట ఉత్తరానికి కదిలే ఇసుకకు 1976 నాటి విశాఖ అవుటర్ హార్బర్ గోడలు అడ్డం పడ్డాయి. అప్పటి నుంచి రేవులో పూడిక తీసిన ఇసుకను పంపులతో ఆర్కే బీచ్‌కు పోస్తూ వస్తున్నారు. ఆ బీచ్‌ను నిలబెట్టేది ఇప్పుడు కొంతవరకు యంత్రమే. అలాంటి తీరం నుంచి ఇంకా తీస్తే మళ్లీ నిండుతుందని చెప్పేవాళ్లు, నింపేది ఏ నదో చూపించాలి.

ఉప్పాడలో ఇది కళ్లకు కనిపిస్తుంది. జాందానీ చీరలకు పేరున్న ఆ ఊళ్లో ఇళ్లు, గుళ్లు, రోడ్లు ఏళ్ల తరబడి సముద్రంలో కలుస్తున్నాయి. రాళ్లు పోశారు, పెద్ద ఇసుక గొట్టాలు పరిచారు, కోత ఆగలేదు. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత ఆ ఒడ్డున బంగారు రేణువులు దొరుకుతున్నాయని తెలిసి జనం దువ్వెనలు, జల్లెడలు పట్టుకుని బారులు తీరారు. ప్రతి పెద్ద తుపాను తర్వాతా ఈ వెతుకులాట ఉంటుంది. సముద్రంలో కలిసిపోయిన ఇళ్లదీ గుళ్లదీ ఆ బంగారం అని ఊరివాళ్లు చెబుతారు. శాస్త్రం దానికి అడ్డు చెప్పదు. ఇల్మనైట్‌ను ఒడ్డున మిగిల్చిన కెరటమే అంతకంటే దాదాపు నాలుగు రెట్లు బరువైన బంగారాన్నీ మిగులుస్తుంది. పోయిన ఇంటి చిన్న ముక్కను నల్ల ఇసుకలో ఏరుకునే స్థితిలో ఉన్న ఊరికి, దిబ్బ మీద ఉన్న హక్కు ఏమిటి?

కొండ మీద ఈ ప్రశ్నకు ఒక జవాబు ఉంది. ఖోండలైట్ పైపొర లక్షల ఏళ్ల వానకు మారి బాక్సైట్ అయింది. అరకు, అనంతగిరి, చింతపల్లి కొండల మీద ఉన్నది అదే. ఒకే రాయి, పైన మిగిలింది బాక్సైట్, కిందికి కొట్టుకుపోయింది నల్ల ఇసుక. 1997 జులై 11న సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు గని లీజులు చెల్లవని తీర్పిచ్చింది. లాభంలో కనీసం 20 శాతం స్థానికుల అభివృద్ధికి పక్కన పెట్టాలని కూడా చెప్పింది. 2015లో బాక్సైట్ కోసం వచ్చిన జీవో 97ను గిరిజనులు ఒప్పుకోలేదు, 2019లో అది రద్దయింది. అదే రాతి ఇసుక ఒడ్డుకు చేరేసరికి ఈ రక్షణ ఏదీ లేదు. గిరిజన ప్రాంతాలకు ఉన్నట్టు మత్స్యకారులకు రాజ్యాంగపు ఐదో షెడ్యూలు లేదు. తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు ఉన్నాయి గానీ, అణు ఖనిజాల తవ్వకానికి వాటిలో మినహాయింపు ఉంది.

అడ్డతీగల నుంచి ఏలేశ్వరం, గొల్లప్రోలు, పిఠాపురం మీదుగా ఉప్పాడకు మూడు గంటల లోపే చేరుకోవచ్చు. ఏజెన్సీ బడి పిల్లలను ఒకసారి ఆ దారిన తీసుకెళ్లి, ఉప్పాడ పిల్లలను ఒకసారి కొండకు తీసుకొచ్చి, ఇద్దరి చేతా ఒకే అయస్కాంతాన్ని రెండుచోట్ల పట్టిస్తే బాగుంటుంది. భీమిలిలో ఒక చిన్న ప్రదర్శనశాల పెట్టి ఖోండలైట్ బండ నుంచి మోనజైట్ రేణువు దాకా వరసగా చూపిస్తే, బీచ్‌కు వచ్చే లక్షల మందిలో కొందరైనా ఆగి చూస్తారు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు జనవరి నుంచి మార్చి దాకా ఈ ఒడ్డునే గుడ్లు పెడతాయి. ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడదో మగదో తేలుతుంది కాబట్టి, ఇసుక రంగు వాటికి కూడా లెక్కే. ఆ రోజుల్లో రాత్రిపూట దిబ్బల వైపు లైట్లు వెయ్యకూడదు.

ప్రభుత్వ సంస్థలు భీమిలి నుంచి మచిలీపట్నం దాకా తీర ఖనిజాల మీద ఆసక్తిగానే ఉన్నాయి. ఏ దిబ్బ మీద గడ్డపార వేసే ముందైనా ఆ ఊరి గ్రామసభలో మూడు లెక్కలు తెలుగులో చదివి వినిపించాలి. ఎంత లోతు తవ్వుతారు, తిరిగి ఎంత ఇసుక పోస్తారు, వచ్చిన డబ్బులో ఊరికి ఎంత. సమత తీర్పు కొండకు ఇచ్చిన 20 శాతాన్ని ఒడ్డుకు కూడా చట్టంగా రాయాలి.